పదమూడు లేని మేడ

ఊరంతా దీన్ని ముఖం చూసి గుర్తుపడుతుంది.
నేను గొంతులోంచి ఎరుగుదును.
ముప్పై ఒక్క ఏళ్లు
హాల్‌స్టెడ్ టవర్ లిఫ్టు బావిలో
గ్రీజు చేతులతో వేలాడినవాణ్ణి.

మీటల మీద పన్నెండు తర్వాత పద్నాలుగు.
అపశకునమని అంకె దాటేశారు.
బావిలో దిగి తలుపులు లెక్కపెడితే
పదమూడోది బుద్ధిగా తన చోటే ఉంటుంది,
పళ్ల డాక్టరు ఫెన్విక్‌తో, అతని కుర్చీతో సహా.
ఇరవై ఎనిమిది అంతస్తులంటుంది పోస్టుకార్డు.
ఇరవై ఏడే.
అది మొదటి అబద్ధం. చిన్నదే.

పునాది తవ్వింది పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో.
ఓహాయో నది మంచు ఇంకా విడవకముందే
కొలిమి దగ్గరివాడు ఎర్రటి రివెట్టు విసిరేవాడట,
దూలం చివర నిలబడి రేకు డబ్బాతో పట్టేవాడు
ఎమిల్ హ్రబాక్.
రెండేళ్లలో జారవిడిచింది ఒక్కటే.
పదిహేను అంతస్తులు దిగి
బేకరీ బండి పైకప్పు కాల్చి
రొట్టెల్లో కూర్చుంది.
హ్రబాక్ మనవలు ఇప్పటికీ దాని గురించే చెబుతారు.
పట్టిన వాటికి కథ ఉండదు.

తెరిచిన పదహారు నెలలకు
కింది అంతస్తు బ్యాంకు మూతపడింది.
పాలరాతి మెట్ల నుంచి చేపల మార్కెట్ దాకా వరస.
ద్వారపాలకుడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు,
లోపల శవముందన్నట్టు.

అప్పట్లో మేడ నెత్తిన వాతావరణ దీపం:
పచ్చయితే తెరిపి, ఎరుపయితే వాన, తెలుపయితే మంచు.
సాయంత్రం ఆఫీసువాళ్లు ఫోను చేస్తే
స్విచ్ బోర్డు దగ్గర ఐర్మా సబో మీట నొక్కేది.
ఆ రోజు మంచు అన్నారు.
ఆమె పచ్చ వేసింది.

నేను చేరేనాటికి ఆమె రిటైరయ్యే వయసులో ఉంది.
ఎందుకలా చేశారని అడిగాను.
"ఒక్క రోజుకి ఒక్క చెడ్డ కబురు చాలనుకున్నా" అంది.
కాసేపాగి,
"తెల్లారి మోకాటి లోతు మంచులో
పాలబండి గుర్రం కాలు విరిగింది.
ఏడాదిపాటు నెలకి రెండు డాలర్లు కట్టాను.
గుర్రం మాత్రం నాకింకా బాకీగానే ఉంది" అంది.
బాకీ ఎవరు ఎవరికో
ఆమె తిరగేసి చెప్పిందని
ఇంటికి వెళ్లాక గాని నాకు తట్టలేదు.

నా మొదటి పని చెప్పాలి.
చెప్పకుండా ఇంతదూరం వచ్చాను.
మూడో నంబరు లిఫ్టులో
లొరెటా పింక్నీ మడత సీటు విప్పడం.
ఇరవై మూడేళ్లు ఆ సీటు మీంచి
జనాన్ని పైఅంతస్తు హోటలుకి చేర్చింది.
అందులో సగం ఏళ్లు
ఆ హోటల్లో ఆమె రంగు మనిషికి కుర్చీ లేదు.
ఇక మీటలొచ్చాయి. నేను బిగించాను.
ఆమె తెల్ల గ్లవ్స్ మడుస్తూ
పలకకేసి చూసింది.
"పదమూడు పెట్టలేదేం?"
కంపెనీ పంపలేదన్నాను.
"నేనెప్పుడూ పిలిచేదాన్ని. పదమూడు, డాక్టర్ ఫెన్విక్, ధైర్యంగా దిగండి!
ఒక్కరూ చావలేదు. పళ్లే పోయాయి."
నవ్వింది. నేను స్క్రూలు చూసుకున్నాను.

తర్వాత ఉక్కు కంపెనీ వెళ్లిపోయింది,
వకీళ్లు ఊరి చివరి మాల్‌కి తరలారు,
పావురాలు పంతొమ్మిది నుంచి పైకంతా అద్దె లేకుండా ఉన్నాయి.
ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.
బ్యాంకు ఖజానాలో యోగా నేర్పుతున్నారు,
అడుగు మందం తలుపు తీసే ఉంచి.

పైన దీపం మళ్లీ వెలుగుతోంది.
రంగులు మాత్రం ఫుట్‌బాల్ జట్టువి.

నిన్న రాత్రి ఎడతెగని వాన.
నెత్తిన నిండు పచ్చ.
గెలిచామట.
గొడుగు తీసుకునే బయల్దేరాను,
ఐర్మాకి ఒక దండం పెట్టుకుని.