వేలెడు సందు

కోటవీధిలో మా ఇంటికి కిటికీలు రెండే,
రెండూ సముద్రం వైపే.
జాడీలో ఉప్పు నీరుగారిపోయే ఊరు,
అగ్గిపుల్ల మూడో గీతకిగాని మాట వినదు.

ఇక్కడ బిస్కట్టు కరకరలాడాలంటే
కాపలా కాయాలనేది మా మేనత్త దీనమ్మ.

డిసెంబరు వస్తే
పిండీ పంచదారా నెయ్యీ నాలుగు యాలకులూ మోసుకెళ్ళి
జ్ఞానాపురం బేకరీ బట్టీ ముందు వరసలో నిలబడేది.
మా రేకు ఇంకొకళ్ళ సంచిలోకి పోకుండా
సుద్దముక్కతో మూల మీద ‘దీ’ అని రాసేది.
ఇంటికొచ్చాక చల్లారేదాకా మూత ముట్టనిచ్చేది కాదు.
"ఆవిరి లోపలుండిపోనాదంటే ఆటి పని అయిపోనాదే గుంటా!"

అడుగున గుడ్డమూటలో గుప్పెడు వేపిన బియ్యం,
వరసకీ వరసకీ మధ్య అయిపోయిన నెలల కేలండరు కాగితాలు,
మూత చుట్టూ సైకిలు ట్యూబు ముక్క,
డబ్బా కింద పళ్ళెంలో చీమలకోసం నీళ్ళు.
గోడవతల సముద్రం
రాత్రంతా సందు వెతుక్కునేది.

ముప్పై ఏళ్ళు దొరకలేదు.

ఈ ఏడు మావయ్యకి దవడ కోశారు.
పోర్టులో వించి తోలిన మనిషి
అన్నం మెతుకుని కూడా చిదుపుకుంటున్నాడు.
మొన్న బిస్కట్టు బుగ్గన పెట్టుకుని
నానుతుందేమోనని చాలాసేపు కూర్చుని,
ఎవరూ చూడట్లేదనుకుని
తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

అత్త చూసింది. చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ట్యూబు ముక్క మేకుకెక్కింది.
బియ్యం మూట కాకుల పాలైంది.
డబ్బాలోకి ఓ బ్రెడ్డు ముక్క దిగింది.
తెల్లారేసరికి బ్రెడ్డు పెంకు,
బిస్కట్టు మెత్తన.
రోజుకో కొత్త ముక్క పెట్టడం,
పెంకులన్నీ నా టీలోకి.

అదీ చాలని రోజు
డబ్బా తీసుకెళ్ళి కిటికీలో పెట్టింది,
మూత వేలెడు జరిపింది.
"రాయే" అంది బయటికి,
"ఇన్నేళ్ళూ రానివ్వనేదని కోపం ఎట్టుకోకు.
ఆయన లెగిసేలోగా బేగి రా."

సాయంత్రం మావయ్య నాలిక మీదేసుకుని
కళ్ళు మూసుకున్నాడు.
"ఉప్పగున్నాదేటే?"

"వెన్న ఉప్పుదిలే" అంది అత్త,
కిటికీ వైపు చూడకుండా.