చివరి బస్సు తర్వాత, ఒక ట్యాగు కింద

పదకొండున్నరకి బుడిషిన్ డిపోలో
బస్సు ఆపి, లోపలి లైట్లు తీసేసి
డ్రైవరు సీట్లోనే ఫోను తెరుస్తాను.
బొటనవేలు దానంతటదే కొడుతుంది ఆ మాట:
సెర్బ్స్కి.
ముందు కిటికీ ఊచల్లాంటి గుర్తు.

మా భాషకి మా భాషలో పేరది.
పగలంతా నేను దాటే ఊళ్ళ పలకల మీద
జర్మన్ పేరు బారెడు,
దాని కింద మా పేరు వేలెడు.
ఫోనులో మాత్రం అందరి అక్షరాలూ ఒకే ఎత్తు.
అందుకే కాబోలు నాకు ఆ ట్యాగంటే ప్రాణం.

అక్కడ ఉండేదెవరని?
బాతు ఈకతో, మైనంతో
ఈస్టరు గుడ్ల మీద చుక్కలు పెట్టే వోర్షా.
ఉడికిన బంగాళాదుంపని అవిసెనూనెలో ముంచి
ఫోటో తీసే బడి వంటావిడ.
బొగ్గు గని మింగేసిన తన ఊరి వీధుల పేర్లు
రోజుకొకటి రాసే కోర్లా.
వీధులు అయిపోయాయి,
ఇప్పుడు ఆ వీధుల్లో తిరిగిన కుక్కల పేర్లు రాస్తున్నాడు.
లైకులు పదకొండు. బాగా ఆడిన రోజు పద్నాలుగు.

మార్చిలో ఒక రాత్రి తెరిస్తే
నిప్పుల మీద పొగలు కక్కే మాంసం,
బెల్‌గ్రేడ్ వంతెన మీద ఎర్ర గొడుగు,
క్రియల పట్టిక, మళ్ళీ మాంసం,
కిందికి జరుపుతుంటే ఇంకా, ఇంకా.
వ్రొత్స్వాఫ్ నుంచి బోగ్నా అనే ఆవిడ.
ఆవిడ పోలిష్‌లో ఆ మాటకి
ఎక్కడో దక్షిణాన సెర్బియా వాళ్ళ భాషని అర్థం.
తప్పు ఆవిడదీ కాదు, నిఘంటువుదీ కాదు.
ఇంటిపేరు ఒకటైతే చుట్టాలమైపోతామా?
కోర్లా రాసిన కుక్క
ఆ పొగ కింద ఎక్కడో పడుకుని ఉంది.

వోర్షా ఊరుకోలేదు.
ఇది మా ఇల్లు, బయటికి నడవండి, అంది.
అవతలి మనిషికి తెలియాలి కదా, జర్మన్‌లో అంది.
మా ఇల్లని చెప్పుకోవడానికి
మా మాట పనికి రాలేదు.
ఆ సంగతి నేను ఆమెతో అనలేదు.

మర్నాడు బోగ్నా:
"మన్నించండి. మీరున్నారని నాకు తెలీదు."
పొద్దున బయల్దేరితే
మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం మాది.
తిట్టినా అంత తగిలేది కాదు.

అప్పుడు కూర్చుని మర్యాదలు రాశాను.
ట్యాగుకి తలుపు లేదు, ఎవరినీ గెంటలేం.
వచ్చినవాళ్ళు పక్కన ఇంకో మాట తగిలించుకుంటే చాలు,
ఏ వైపు మనుషులో తెలుస్తుంది.
మా గురించి రాసేది వేరే చోట,
మా మాటలో రాసేది ఇక్కడ.
నేర్చుకునేవాడి తప్పుని నలుగురిలో దిద్దొద్దు.
మా భాషలో పలకరిస్తే జర్మన్‌లో బదులివ్వొద్దు.
బోగ్నా తన అరవై మూడు పోస్టులూ
ఒక్కరోజులో మార్చుకుంది.
నాకు ముప్ఫై లైకులు! ఛాతీ ఉబ్బింది.

వాటి కింద ఒకే ఒక్క ప్రశ్న.
ఖొశెబుజ్ నుంచి, పావ్లీనా అట, పదిహేడేళ్ళు.
దిగువ లుజిత్సా పిల్ల.
వాళ్ళూ తమ మాటని సెర్బ్స్కి అనే అంటారు.
పేరు అదే, భాష వేరు,
మిగిలినవాళ్ళు మాకంటే బాగా తక్కువ.
రెండుసార్లు చదివితే సగం అర్థమైంది.
ఆ సగం చాలు:
"మరి మీరు? మీ వైపేదో
మీరెందుకు తగిలించుకోరు?"

టికెట్ మిషను పచ్చ చుక్క తప్ప
బస్సంతా చీకటి.
నాలుగేళ్ళుగా ఈ పిల్ల పోస్టులు నాకు కనబడలేదా,
కనబడినా అచ్చుతప్పులనుకుని దాటేశానా?
వెతికాను.
నిరుడు ఆమె పెట్టిన కొంగ ఫోటో కింద
ఒక మాట సరిచేశాను నేను.
నవ్వు బొమ్మ కూడా పెట్టాను.
అది తప్పు కాదు. వాళ్ళ మాట.

నా పోస్టులు ఒక్కొక్కటే తెరిచి
చివర హోర్న్యో అని చేర్చడం మొదలుపెట్టాను.
ఎగువ, అంతే.
రెండు గంటలకి వాచ్‌మన్ కిటికీ కొట్టి
ఇంటికి పోవా అన్నాడు.
ఇంకా రెండో ఏడులోనే ఉన్నాను.

కొంగ కింద నా దిద్దుబాటు చెరిపేయొచ్చు,
ఎవరికీ తెలీదు.
చెరపకుండా, దాని కింద ఒక్క వాక్యం రాశాను,
ఆమె మాటలో, నాకు వచ్చినట్టు.

ఐదు నలభైకి మొదటి బస్సు.
తాళం తిప్పేముందు చూశాను.
నా తప్పు అలాగే ఉంది.
పక్కన ఒక లైకు.