ఏడంగలు

టాంపెరెలో, మా వీధి చివరి అపార్టుమెంట్ల కింద
యుద్ధమొస్తే దాక్కోడానికి కట్టిన గది ఉంది.
యుద్ధం రాలేదు. మేం వచ్చాం,
మంగళవారాలూ శుక్రవారాలూ
డ్రమ్ములతో, మంచు కారే బూట్లతో.

ఇప్పుడు ఇద్దరి గిటారు ఒక్కడే వాయించాలి.
అయిమో మార్చిలో వెళ్లిపోయాడు,
ఔలులో పడవ ఇంజన్లు బాగుచేసే పని దొరికిందని చెప్పి.
పని దొరకడం నిజమే.
వెతుక్కోవడం ఎప్పుడు మొదలెట్టాడో మేం అడగలేదు.

తూరె రెండు ఆంప్‌లు తెచ్చి నిలబెట్టాడు.
ఎడమది తనది, మూలల్లో తోలు లేచిపోయింది.
కుడిది అయిమో వదిలేసింది,
మీద అతని కాఫీ కప్పు గుండ్రటి మరక.
గిటారు నుంచి ఒక్కటే తీగ బయల్దేరి
నేలమీది చిన్న డబ్బాలో రెండు పాయలవుతుంది.
ఒకటి సూటిగా ఎడమకి.
ఒకటి డిలే పెడల్‌లో కాస్త ఆగి
కుడికి.

మొదట రొద.
రెండూ వెయ్యగానే గదిలోకి తుమ్మెద దూరినట్టు
ఒకటే హోరు.
రెండు ఎర్త్‌లూ ఒకదాని తోక ఒకటి కరుచుకున్నాయన్నాడు తూరె.
ఎర్త్ వైరు మాత్రం తెంపకు, చస్తావు, అన్నాను.
తెంపను, అని
మధ్యలో అగ్గిపెట్టంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాడు.
తుమ్మెద పోయింది.

తర్వాత ఎంత మీటినా స్వరానికి పొట్ట లేదు.
ఒక స్పీకరు ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి గుంజుతోంది,
జంట రంపానికి రెండు కొసల్లోనూ నెట్టేవాళ్లే ఉన్నట్టు.
వెనక స్విచ్ ఒకటి అటు తిప్పాడు.
నేల కింద ఎవరో లేచి కూచున్నారు.

ఇక ఆలస్యం.
ఐదు మిల్లీసెకన్లు పెడితే గొట్టంలోంచి మాట్లాడినట్టుంది.
అరవై పెడితే మెట్లమీద వెనకాలే ఎవరో.
ఇరవై దగ్గర
హిల్ప పుల్లలు ఒళ్లో పెట్టుకుంది.
గోడలు పక్కకి జరిగాయి.
వాయించేది ఒక్కడు, వినిపించేది ఇద్దరు.
రెండోవాడి పేరు ఎవరం ఎత్తలేదు.

కుడి ఆంప్ ఎక్కడుంచాలో చూద్దామని
టేపు పట్టుకుని నడిచాను,
హిల్ప స్టూలు నుంచి ఇనప తలుపు దాకా.
అయిమో నిలబడే చోటది.
తలుపు సందులోంచి చలి కోసే చోటు,
ఆఖర్న చేరినవాడికి మిగిలిన చోటు.
ఏడు మీటర్లు.
నా కాళ్లతో ఏడు పెద్ద అంగలు.

ఏడంగలు నడవడానికి చప్పుడుకి ఎంత పడుతుంది?
తూరె సిమెంటు గోడమీద సుద్దముక్కతో లెక్క కట్టాడు.
ఇరవై. ఓ వెంట్రుకవాసి అటూ ఇటూ.
హిల్ప దెబ్బ అతని చెవికి చేరడానికి ఇరవై.
ఆ దెబ్బమీదే, సరిగ్గా ఆ దెబ్బమీదే
అతను మీటింది ఆమెకి తిరిగి రావడానికి
ఇంకో ఇరవై.

ఆరేళ్లు.
నీకు తాళం ఒంట్లోనే లేదన్నాం.
నీ చేతులు రేపటివిరా, అని నేనే అన్నాను.
అందరం నవ్వాం.
అతనూ నవ్వాడు, కొంచెం ఆగి.
దానికీ నవ్వాం.

"కొన్నిసార్లు నిజంగానే తప్పేవాడు," అంది హిల్ప.
తప్పేవాడే. కాదనలేదెవరూ.
తూరె ఫోను తీసి
కాసేపు దాని వెలుతురు చూసి
జేబులో పెట్టేసుకున్నాడు.

కుడి ఆంప్‌ని డ్రమ్ముల పక్కకి లాక్కొచ్చాను.
బరువు. ఒక చక్రం ఊడి చేతికొచ్చింది.
ఇరవైని సున్నా చెయ్యనా, అంటే
ఉండనీ, అన్నాడు తూరె,
ఇది మనం కావాలని పెట్టుకున్నది.

నా బేస్ తీసుకుని తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాను.
మడమల మీద చలి.
ఆ మూల నుంచి హిల్ప పుల్లలు పైకెత్తడం కనిపించింది,
కలవడం కనిపించింది.
అప్పుడు వినిపించింది
ఒకటి.