రాయి పుట్టని ఊరు

నర్సాపురం అవతల రొయ్యల ప్లాంటులో
తెల్లారి నాలుగింటికి మాకు చలికాలం మొదలవుతుంది.
బయట మే నెల. లోపల రబ్బరు బూట్లు, రెండు జతల తొడుగులు.
వేళ్ళ చివర ప్రాణం ఉందో లేదో
చేతిలో రొయ్యకే తెలియాలి.

ఆ ఏడు సరుకు చూడ్డానికి జపాను నుంచి ఒకాయన వచ్చాడు.
నిషిమురా అని పేరు.
మా నోళ్ళలో పడి నిసిమూరయ్యగారు అయిపోయాడు,
పిలిస్తే పలికేవాడు కూడా.

ఓ మధ్యాహ్నం
చల్లగది తలుపు మీద పట్టిన మంచులో
వేలితో ఒక గీత గీశాడు.
పైకి పోయి, విరిగి, కిందకి.
డైసెన్, అన్నాడు. మా ఊరి కొండ.

కొండంటే మాకు పాపికొండలే, అదీ క్యాలెండర్లో.
ఇక్కడ ఎత్తంటే ఏటిగట్టు,
ఆ పైన కొబ్బరి మొవ్వు, ఆ పైన ఇంకేం లేదు.

ఫోన్లో బొమ్మ చూపించాడు.
పడమటి నుంచి చూస్తే పళ్ళెంలో బోర్లించిన గిన్నెడన్నం,
ఉత్తరం నుంచి చూస్తే
వరద తీశాక మిగిలిన గోడ.
చుట్టూ అడవిని సర్కారు కాపు కాస్తుందట,
పువ్వు కోస్తే తప్పు, పుల్ల విరిస్తే తప్పు.
ఇంత కాపలాలోనూ
కొండ మాత్రం రాలిపోతూనే ఉందట.

అందుకని ఎక్కేవాళ్ళు
కింద నుంచి తలా ఒక రాయి పట్టుకెళ్తారట,
ముసలాళ్ళు, బడిపిల్లలు, కొత్త దంపతులు.
పైన పెట్టేసి దిగిపోతారట.
అది చెప్పడానికి ఆయన ఐసుగడ్డ ఒకటి తీసి
బల్ల మీద నుంచి తన నెత్తి దాకా మోసి చూపించాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను,
కాస్త ఆలస్యంగా.

మాది ఓలేటివారి లంక.
వశిష్ఠ పాయ ఏటా కొంచెం తింది.
ముందు అరటితోట, తర్వాత చర్చి గంట కట్టిన కర్ర,
ఆ తర్వాత మా వంటిల్లు.
మా అత్త పొత్రం ఒళ్ళో పెట్టుకుని పడవెక్కింది,
రోలు గోదాట్లోనే ఉంది.
ఇప్పుడా పొత్రం తలుపుకి అడ్డం.

మా వైపు రాయి పుట్టదండి.
గట్టుకి పోసే రాయి కూడా
లారీ మీద, బిల్లుతో, ఎగువ నుంచి రావాలి.
ఉన్నదంతా మట్టి. ఎక్కడో ఏ కొండో
అరిగి అరిగి, నీళ్ళల్లో పడి నడిచొచ్చి
మా కాళ్ళ కింద ఆగిన పిండి.
అంటే మేమూ కొండ మీదే కాపురం ఉన్నాం,
అది పడుకుని ఉందంతే.
ఈ ముక్క ఆయనతో అందామనుకున్నాను.
భాష లేదు. గంట కొట్టారు.
తలుపు తీసేసరికి
గీసిన కొండ చెమట పట్టి జారిపోయింది.

మర్నాడు ఆయన దేశం వెళ్ళే లోడు.
తల తియ్, పెంకు తియ్, వీపు చీల్చి నల్లపేగు లాగు.
పేగంటే ఏవుంది, చెరువులో రొయ్య మేసిన మట్టి.
పదహారేళ్ళుగా ఆ దారం లాగి పారేస్తున్నాను.

ఆ రోజు ఒక్కదానికి తియ్యలేదు.
ఒక్కటే. సూపర్వైజరు ఏసోబుకి చెప్పకండి.
మా మట్టి పిసరంత,
ఐసులో, డబ్బాలో, ఓడలో.
కొండ పాదం దాకా నేను పంపాను,
పై దాకా ఎవరు మోస్తారో మరి.

తినేవాళ్ళకి పంటి కింద కరకరమంటే
తూ అని ఉమ్మేస్తారేమో.
ఉమ్మినా పర్లేదు,
అక్కడే కదా పడేది.