షేడు కలవాలి

ముప్పయ్యేళ్లుగా రాళ్లతోనే బతుకు.
చీమకుర్తిలో లారీ దిగిన చుక్కల నల్లబండని
పలకలు పలకలుగా కోసే మిషను నాది.
ఒక్క బండా నన్నేమీ అనలేదు.
చివరికి నా పన్ను విరిచింది
క్యారేజీ అన్నంలో, పప్పు కలిపిన ముద్దలో
నువ్వుగింజంత తెల్లరాయి.

కటుక్కుమంది.
ఆ చప్పుడు బయటికి రాలేదు, తలకాయలోనే తిరిగింది.
పక్కన తింటున్న మౌలాలి
"ఏందన్నా, ఆగావే?" అన్నాడు.
నాలికతో తడిమితే
కుడివైపు దవడపన్ను సగం లేదు.
ఉన్న సగం, సమ్మెట దెబ్బ తప్పిన అంచులాగా
నాలికని గీరుతోంది.

నాలుగు రోజులు లవంగంతో నెట్టాను.
అయిదోరోజు ఒంగోలు బస్సెక్కాను.

కర్నూలు రోడ్డులో, మందులషాపు మీద మేడ.
డాక్టరమ్మ పేరు నఫీసా. మా పెద్దపిల్ల ఈడుంటుంది.
నరం చచ్చిందంది, మూడుసార్లు తిప్పి, తోడి, నింపింది.
ఇక పైన క్యాప్ తొడగాలి,
ముందు పన్నుని చుట్టూ అరగదీయాలి అంది.
అరగదీయడం నాకు తెలీందా!

కుర్చీ వెనక్కి వాలింది.
"నొప్పనిపిస్తే ఎడంచెయ్యెత్తండి."
చక్రం తిరిగింది.
మా మిషను కూతే, పసిబిడ్డ గొంతుతో.
బ్లేడు కాలకుండా మేం నీళ్లు పోస్తాం,
ఇక్కడా సన్నగా నీళ్లు.
నా పన్నే పాలబురదై గొట్టంలోకి పోతోంది.
వాసన మాత్రం మా షెడ్డుది కాదు.
కళ్లు మూసుకుని లెక్కేసుకున్నాను,
ఇన్నేళ్లలో కోసిన బండల్లో
దేన్నైనా చెయ్యెత్తమన్నానా అని.

గులాబి రంగు పిండిముద్ద కొరికించి అచ్చు తీసింది.
తర్వాత ఓ పట్టీ తెచ్చింది,
వరసగా పళ్లు, కింద నెంబర్లు.
తెలుపులో ఇన్ని తెలుపులున్నాయని
సున్నాలేసే మా బావమరిదిక్కూడా తెలిసుండదు.
ఒక్కోటీ నా పంటి పక్కన పెడుతుంది,
తల వాలుస్తుంది, కిటికీ దగ్గరికి రమ్మంటుంది.
ఇదీ నాకు తెలిసిన పనే.
లాటులో ఒక్క పలక షేడు కలవకపోతే
కొనేవాడు లారీనే వెనక్కి తిప్పుతాడు.

"మీదే ఊరు?" అంది.
"కనిగిరి అవతలమ్మా."
పట్టీ మడిచేసింది. "ఇందులో మీ రంగు లేదు."

ఎట్లా ఉంటుంది!
పసుపు మీద గోధుమ గీతలు,
బోరునీళ్లు చిన్నప్పుడే గీసి పెట్టినవి.
ఏ బస్టాండులోనైనా సరే, ఆవలిస్తే చాలు
మావాణ్ణి గుర్తుపడతాను.
అయిదో తరగతి ఫోటోలో నలభై రెండు మందిమి.
ఫోటో ఆయన నవ్వండి నవ్వండి అని అరిచాడు.
ఒక్కరం పెదవి విప్పలేదు.

"పోనీ తెల్లగా చేయిస్తాను, బావుంటుంది."
నాకు గచ్చు కళ్లబడింది.
పాత వరసలో ఒక్క కొత్త పలక మెరిస్తే
తిట్లు మేస్త్రీకే.
"గీత కూడా పెట్టించమ్మా" అన్నాను.

మాస్కు కింద నవ్విందో ఏమో తెలీదు.
ల్యాబుకి ఫోను చేసింది.
"అవునండీ, గోధుమ రంగే. అడ్డంగా.
కాదు, పొరపాటు కాదు. ఆయనే అడిగారు."

వారానికి వచ్చింది, అగ్గిపెట్టంత డబ్బాలో.
నీలికాగితం కొరికించింది, అరగదీసింది,
మళ్లీ కొరికించింది.
జిగురు పెట్టి నొక్కింది.
బిల్లులో క్రౌన్ అని రాశారు.
మౌలాలి చదివి, "కిరీటమన్నా!
ఏ ఊరికి రాజువి?" అన్నాడు.
ఏడువేలు కట్టినోణ్ణి, ఏ ఊరైనా నాదే అన్నాను.

రాత్రి అంకమ్మ సెల్లు లైటు వేసి
నా నోరు తెరిపించింది.
అటు చూసింది, ఇటు చూసింది.
"ఏదీ కొత్తది?"
చూపించాను.
"ఏడువేలు పోసి
మళ్లీ ఆ గారపన్నే తెచ్చుకున్నావా?"
లైటు ఆర్పి అటు తిరిగి పడుకుంది.

నాలికే ఇంకా నమ్మట్లేదు.
చీకట్లో మాటిమాటికీ పోయి దాన్ని తడిమొస్తోంది,
కొత్తగా చేరిన కూలీని
మేస్త్రీ చూసినట్టు.