అగ్గిపెట్టె అట్టంత

దమయంతి బండి తెచ్చింది.
తెచ్చిందంటే, ట్రాక్టరుకి తాడు కట్టి
కాశీబుగ్గ దాకా లాగించుకొచ్చింది.
"హరిపురం దాటాక సచ్చిపోనాది గున్నయ్యా,
సినుకు పడితే సాలు, దీనికి పేణం మీదకొస్తాది."
వెనక పట్టా కింద జీడిపిక్కల బస్తాలు,
అంచు బస్తాలు రెండూ అప్పటికే తడిసి బరువెక్కాయి.

పాత పెట్రోలు పికప్పు. నాకంటే రెండేళ్ళు చిన్నది.
పొద్దున్నే ఇద్దరికీ దగ్గు.

డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే
లోపల చెమ్మ, పచ్చటి కిలుం.
పాయింట్లలో ఒకదానికి గుంట, ఇంకోదానికి మిట్ట,
ఒకడి వాటా ఒకడు తినేసిన అన్నదమ్ముల్లా
ఎదురెదురుగా కూచుని ఉన్నాయి.

ఈ రెండింటి మధ్య సందు
ఇరవయ్యేడేళ్ళుగా నా చేతిది.
ఫీలర్ గేజి పోగొట్టుకున్న ఏడు
అగ్గిపెట్టె అట్ట చింపి కొలిచాను.
బ్లేడుతో గీకాను, ఉప్పుకాగితంతో రుద్దాను.
టెస్టర్ బల్బు పళ్ళతో పట్టుకుని
ఇంజన్ని చేత్తో వేలెడు వేలెడు తిప్పి
వెలిగీ వెలగని చోట బోల్టు బిగించాను.
రెండు నెలలకోసారి.
పనికి నూట యాభై, ముక్క జీడిపప్పు పొట్లం ఒకటి.

ఈసారి పొట్లంతో పాటు ఒక డబ్బా తెచ్చింది.
కోయంబత్తూరు నుంచి కొరియర్లో వచ్చిందట,
చంటిపిల్ల చెప్పులు పట్టేంత డబ్బా.
లోపల నల్లటి ముద్ద, ఒక అయస్కాంతపు ఉంగరం,
ఎరుపొకటి నలుపొకటి రెండు తీగలు.
"ఇందల పాయింట్లుండవంట.
అరగడం లేదంట.
మల్లీ సూడక్కర్లేదంట."
మూడో 'అంట' దగ్గర
తను నా మొహం చూడలేదు.

కాగితం నాకు రాని భాషలో ఉంది.
మా కుర్రాడు ఢిల్లేసు ఫోన్లో వెతికి చెప్పాడు:
ఎరుపూ నలుపూ తారుమారైతే
రెప్ప వేసేలోగా మాడిపోతుంది,
పొగైనా రాదు.
పాయింట్లు అలాంటివి కావు.
చచ్చే ముందు నెల రోజులు చెప్పేవి,
తుమ్మేవి, ఎత్తు మీద మొరాయించేవి,
సంతలో నలుగురి ముందు పరువు తీసేవి.
ఆ చెప్పడం మీదే
ఈ రేకుల షెడ్డు నిలబడింది.

కండెన్సర్ తీశాను. పాయింట్లు తీశాను.
వాటి మర రెండుసార్లు చేయి జారి పడింది,
ఇన్నేళ్ళలో ఎన్నడూ పడనిది.
ఉంగరాన్ని కామ్ మీద కూచోబెట్టి
తీగకి తీగ కలిపాను,
ఢిల్లేసుని అడిగి, మళ్ళీ అడిగి,
వాడు విసుక్కుంటే ఇంకోసారి అడిగి.
కొత్త మూత. కింద కొత్త రబ్బరు.

జీడి సొనకి నల్లబడ్డ వేళ్ళతో
దమయంతి తాళం తిప్పింది.
సగం తిప్పులోనే అందుకుంది.
చోకు లేదు, తిట్టు లేదు, దండం లేదు.
నాకు నమ్మకం చాలక
చెంబుతో నీళ్ళు తెచ్చి మూత మీద పోశాను.
మూడు చెంబులు.
నడుస్తూనే ఉంది,
అప్పు తీర్చేసినోడు మన గుమ్మం ముందు నడిచినట్టు.

కానీ ఎక్కడో చిన్న తొందర.
ఢిల్లేసుకి వినబడలేదు, దమయంతికీ వినబడలేదు.
డిస్ట్రిబ్యూటర్ మెడ పట్టుకుని
వెంట్రుకవాసి వెనక్కి తిప్పాను.
అప్పుడు కుదుటపడింది.
డబ్బాలో ఆ సంగతి రాయలేదని ఢిల్లేసు అన్నాడు.
నేనేమీ అనలేదు. సంతోషం మాత్రం వేసింది, కాస్త.

"ఎంతివ్వమంతావు?"
"నూట యాభై."

పాత పాయింట్లు, కండెన్సర్ తుడిచి
ప్లాస్టిక్ కాగితంలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను.
"దారిలో ఇది మాడిపోతే ఇవి ఎక్కించుకో."
"నాకేటి తెలుస్తాది?"
"ఫోన్ సెయ్యి. సెప్తాను."

పక్కనే అగ్గిపెట్టె కూడా పెట్టాను.
తను బీడీ కాల్చదు.
"ఇదెందుకు?" అంది.
పుల్లలన్నీ తీసి నా జేబులో పోసుకుని
ఖాళీ పెట్టె చేతికిచ్చాను.