అడుగున పేరు

గిన్నె పూర్తయింది. వేపకర్ర.
అంచున చిన్న ముడి, తేనె మరకలా.
తరిమెన ఆపేశాక కూడా కాసేపు
అరచేతుల్లో అది తిరుగుతూనే ఉంటుంది.
ఇక బోర్లించి
పాదం మధ్య రూపాయి బిళ్ళంత చోట్లో
పేరు రాయాలి.

మొదట పెన్నుతోనే రాశాను.
ధూల్‌పేటలో నాలుగు రోజులుగా ముసురు;
సిరా నారల వెంట పాకి
నా పేరుకు మీసాలూ కాళ్ళూ మొలిపించింది.
రాణీగంజ్ రంగుల కొట్టతను చెప్పాడు:
ముందు పల్చగా లక్కపూత, అది ఆరాక పెన్ను,
ఆ పైన మళ్ళీ పూత.
నిజమే, నిలిచింది.
అద్దం వెనక ఫోటోలా
చెక్కకు తెలియకుండా నిలిచింది.

బేగంబజార్‌లో ఉక్కు అచ్చు చేయించాను,
ఒకే ఒక్క అక్షరం.
ఒక్క సుత్తిదెబ్బకు
రేలచెక్క కప్పు పాదం నిలువునా విచ్చింది.
చెక్కే మిషనూ కొన్నాను.
కందిరీగలా గీపెట్టి
మెత్తనిచోట గుంట తవ్వింది,
గట్టి చార రాగానే పక్కకు జారింది.

చివరికి దారి చూపింది నా పాత చెయ్యే.
ఇరవై ఆరేళ్ళు కుషాయిగూడ కార్ఖానాలో
సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టిన చెయ్యి.
ఆ కడ్డీ మొనకు
రాగితీగను సూదిగా సాగగొట్టి బిగించాను.
మైనం రుద్దకముందే కాల్చాలి,
రుద్దాక కాలిస్తే అంతా పొగ, జిడ్డు.
తొందరపడితే గీత తెగుతుంది.
ఆగితే మచ్చ.

పేరు సరళ.
రాసి చూస్తే ఒక్క సరళరేఖా లేదు.
స నడుం వంచమంటుంది, ర చుట్టి రమ్మంటుంది,
ళ దగ్గర చెయ్యి
తన మీదికి తనే రెండుసార్లు మళ్ళాలి.
చెట్టు గీతలేమో వాటి దారిన అవి పోతుంటాయి.
మలుపు తిరిగిన ప్రతిచోటా ఒక గట్టి చార అడ్డం,
అక్కడ మొన ఎగిరిపడుతుంది.

మూడు గిన్నెలు సంచీలో వేసుకుని
ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను.
మొహియుద్దీన్ ఖరాదీ.
మంచం కోళ్ళు, అప్పడాల కర్రలు, బొంగరాలు, ఊయల గుబ్బలు,
యాభై రెండేళ్ళ పని, ఎక్కడా పేరు లేదు.
ఇప్పుడు రెండు కళ్ళకూ పొర.
గిన్నెలు బోర్లించి బొటనవేలితో చదివాడు.
పెన్నుతో రాసింది: "ఏం లేదు గదా."
మిషన్‌తో గీసింది: "ఎవరో బరికిండ్రు."
కాల్చింది,
వేలు నెమ్మదిగా స దాటి, ర దాటి,
ళ నడుమ ఆగిపోయింది.
"ఈడ భయపడ్డవ్."

తెలుగులో ఒక్క అక్షరం రాదాయనకు.

"గరుకు కాగితంతో తీసేసి మళ్ళీ రాస్తాను" అన్నాను.
గిన్నె తిరిగివ్వలేదు.
తను కూర్చున్న మంచం కోడు చూపించి
నేలకు బెత్తెడు పైన తడమమన్నాడు.
లోతుగా రెండు గీతలు. వాటి కింద ఇంకొకటి,
వెంట్రుకంత.
"మూడోదానికి ఊపిరి బిగబట్టాలె.
ఉలి ఇట్ల తాకిచ్చి, అట్ల తియ్యాలె.
మా అబ్బాజాన్ రెండే గీసెటోడు.
మూడోది నాది."

వచ్చేదారిలో జుమ్మెరాత్ బజార్.
తడిసిన పట్టా మీద
తుప్పు తాళాలు, గుండీలు, మూత లేని కెటిళ్ళు,
వాటి మధ్య ఒక అప్పడాల కర్ర.
పిడి దగ్గర వేలు పెట్టాను.
రెండు గీతలు.
గొడుగు భుజానికి ఆనించి మళ్ళీ తడిమాను,
మూడోది అరిగిపోయిందో
అసలు గీయనే లేదో.

"తీస్కుంటవా, వెడతవా?" అన్నాడు కొట్టతను.
ముప్పై చెప్పాడు.
బేరం చెయ్యలేదు.